ఓవెన్ వాడకుండా తీపి-ఉప్పు మిక్చర్: క్రిస్మస్ పాట్‌లక్‌కి ఎలా చేయాలి?

డాలస్_పోపులపెట్టె అడిగారు:

అందరికీ నమస్కారం. డిసెంబరు మూడో వారంలో మా ఆఫీసులో పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే విందు) ఉంది. నలభై మంది దాకా వస్తారు. అందులో శాకాహారులు చాలామందే ఉన్నారు. వేరుశెనగ పడని ఒకాయన, గోధుమ తినకూడని ఒకావిడ కూడా ఉన్నారు. పోయినసారి బల్లనిండా కేకులూ కుకీలే. మధ్యాహ్నం దాటేసరికి అందరికీ తీపి మొహం మొత్తింది. అందుకని ఈసారి, ఇక్కడ అమెరికావాళ్ళు సెలవుల పార్టీల్లో పెద్ద గిన్నెలో పోసి పెట్టే తీపి-ఉప్పు మిక్చర్ పట్టుకెళ్ళాలని ఉంది. చెక్స్ సీరియల్ (పాలలో వేసుకుని తినే, కరకరలాడే చదరపు ధాన్యపు పలుకులు), ప్రెట్జెల్స్ (ముడి ఆకారంలో ఉండే ఉప్పు బిస్కెట్లు), జీడిపప్పు, వాటి మీద వైట్ చాక్లెట్ పూత, అక్కడక్కడా ఎరుపు, ఆకుపచ్చ చాక్లెట్ గోళీలు. చూడగానే పండగ వాతావరణం వస్తుంది.

ఓవెన్ మాత్రం వాడను. అందులో మూకుళ్ళూ పెనాలూ ఇడ్లీ పాత్రా సర్దుకుని ఉన్నాను. మన ఇళ్ళలో చాలామందికి ఇది అలవాటే కదా. స్టవ్, మైక్రోవేవ్ ఉన్నాయి.

చాక్లెట్ కరిగించేటప్పుడు ఒక్కోసారి రవ్వరవ్వగా గట్టిపడిపోతుందంటారు, ఎందుకు? ఎన్ని రోజుల ముందు చేసి పెట్టుకోవచ్చు? ఇందులో మన రుచి ఏదైనా కలపవచ్చా, లేక అలా కలిపితే రెంటికీ చెడుతుందా? అనుభవం ఉన్నవాళ్ళు వివరంగా చెప్పగలరు.

*

చలిసీమ_వంటిల్లు (మినియాపొలిస్) రాశారు:

డాలస్ గారూ, మీరు మంచి వంటకం ఎంచుకున్నారు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ముందు ఓవెన్ సంగతి. చెక్స్‌తో పార్టీ మిక్చర్ చేసుకోవడం ఇక్కడ 1952 నుంచీ ఉంది. ఆ సీరియల్ తయారుచేసిన కంపెనీయే ప్రకటనలో ఆ వంట విధానాన్ని అచ్చువేసింది. అది పూర్తిగా ఉప్పు మిక్చర్. వెన్న కరిగించి, వూస్టర్‌షైర్ అనే పుల్లటి, ఉప్పటి సాస్ కలిపి, సీరియల్‌కీ పప్పులకీ పట్టించి, 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు, పావుగంటకోసారి కలుపుతూ ఓవెన్లో పెడతారు. అంత తక్కువ వేడిలో అంతసేపు ఎందుకంటే, అక్కడ ఓవెన్ పని ఉడికించడం కాదు, ఆరబెట్టడం. సాస్‌లోని నీళ్ళు సీరియల్‌ని మెత్తబరుస్తాయి, ఆ తడి పోవాలి. అంటే మనం తడి ఉన్న వస్తువు ఏదీ వేయకపోతే ఓవెన్ అవసరమే రాదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరికినట్టే. అన్నట్టు, ఇక్కడ దొరికే వూస్టర్‌షైర్ సాసుల్లో చాలావాటిలో ఆంకోవీ అనే చేప ఉంటుంది. ఎవరైనా ఉప్పు మిక్చర్ తెస్తే మీ శాకాహారులు అడిగి తినడం మంచిది.

చాక్లెట్ గట్టిపడటానికీ ఇదే కారణం. వైట్ చాక్లెట్ అంటే కొవ్వులో తేలుతున్న చక్కెర, పాలపొడి రేణువులు. అందులో నాలుగు చుక్కల నీళ్ళు పడితే చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మొత్తం బిరుసెక్కిపోతుంది. కాబట్టి గిన్నె, గరిటె తుడిచినవి కాదు, పూర్తిగా ఆరినవి కావాలి. చెక్క గరిటె వద్దు, అది తడిని లోపల దాచుకుంటుంది. మరిగే నీళ్ళ మీద గిన్నె పెట్టి కరిగించే పద్ధతి కన్నా దీనికి మైక్రోవేవ్ నయం, ఆవిరి బాధ ఉండదు. గాజు గిన్నెలో పోసి, శక్తిని సగానికి తగ్గించి, 30 సెకన్లకోసారి తీసి కలపండి. చిప్స్ (చిన్న చాక్లెట్ పలుకులు) లోపల కరిగినా పైకి ఆకారం చెదరకుండా నిలబడి ఉంటాయి. చూసి కరగలేదనుకుని మళ్ళీ వేడిచేస్తే మాడుతుంది. వైట్ చాక్లెట్ మామూలు చాక్లెట్ కన్నా తొందరగా మాడుతుంది, అందులో పాలపొడి, చక్కెర ఎక్కువ కదా. అక్కడక్కడా చిన్న ముక్కలు మిగిలి ఉండగానే ఆపేసి కలుపుతూ ఉంటే, ఆ వేడికే మిగతావి కరిగిపోతాయి.

కొనేటప్పుడు పొట్లం వెనక చదవండి. అమెరికాలో 'వైట్ చాక్లెట్' అని రాయాలంటే అందులో కోకో వెన్న కనీసం 20 శాతం ఉండాలి. 'వైట్ చిప్స్' అనో 'వెనిలా బార్క్' అనో మాత్రమే రాసి ఉంటే సాధారణంగా అది పామ్ కెర్నెల్ లాంటి వేరే నూనెతో చేసిన పూత. రుచిలో కోకో వెన్నదే పైచేయి, అందులో సందేహం లేదు. కానీ దాన్ని వేడి, చల్లదనం సరిచూసుకుంటూ జాగ్రత్తగా చేయకపోతే ఆరాక మెత్తగా, మచ్చలుగా ఉండిపోతుంది. బార్క్ అలా కాదు, కరిగించి పోస్తే చాలు, చక్కగా గట్టిపడుతుంది. ఆఫీసుకు తీసుకెళ్ళేదానికి నేను బార్క్ వాడతాను.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట: అన్నిటికీ పూత వేయకండి. సగానికే వేయండి. ఇంటర్నెట్‌లో ఏ వంట విధానం చూసినా అన్నీ ఒకే గిన్నెలో పోసి పైన చాక్లెట్ ఒంపేస్తారు. అలా చేస్తే ఉప్పును చాక్లెట్ పూత కప్పేస్తుంది. ప్రెట్జెల్ మీద పలుకుల ఉప్పు ఉంటుందే, అది నాలుకకు నేరుగా తగలాలి. పూత వేస్తే ముందు తీపి తగిలి, అది కరిగి, ఎప్పటికో ఉప్పు తెలుస్తుంది. ఈలోగా ఇంకో పిడికెడు నోట్లో వేసుకుంటాం. చివరికి అది ఉప్పు కాస్త ఎక్కువైన మిఠాయి అవుతుంది తప్ప తీపి-ఉప్పు మిక్చర్ కాదు. మీ ఆఫీసు బల్ల మీద మిఠాయిలకు కొదవ లేదని మీరే అన్నారు. ఆవకాయ అన్నంలో ముద్దపప్పు అక్కడక్కడా తగలడంలో ఒక అందం ఉంది చూడండి, ఇక్కడా అంతే. ఒక పలుకు తియ్యగా, పక్కది ఉప్పగా ఉండాలి.

నా కొలత ఇది. పూత వేసే భాగం: బియ్యపు చెక్స్ 6 కప్పులు, పుట్నాలపప్పు 1 కప్పు, ఉప్పులేని జీడిపప్పు 1 కప్పు. వీటికి 340 గ్రాముల బార్క్ లేదా చిప్స్. పూత లేని భాగం: చిన్న ప్రెట్జెల్స్ 4 కప్పులు, ఉప్పు వేసి వేయించిన జీడిపప్పు 2 కప్పులు, గుమ్మడి గింజలు 1 కప్పు, చాక్లెట్ గోళీలు 1 కప్పు. కప్పు అంటే ఇక్కడి 240 మిల్లీలీటర్లది. మొత్తం 16 కప్పులు, అంటే 32 అరకప్పులు. నలభై మందికి ఒకటిన్నర రెట్లు చేయండి. రెండింతలు అక్కర్లేదు, పాట్‌లక్‌లో ఎవరూ ఒకదానితోనే కడుపు నింపుకోరు.

పూత వేసేటప్పుడు చెక్స్ నలగకూడదు. వెడల్పాటి గిన్నె తీసుకుని, కరిగిన చాక్లెట్‌ని మూడు విడతలుగా పోస్తూ అడుగు నుంచి పైకి మడతపెట్టినట్టు కలపండి. తరువాత వ్యాక్స్ పేపర్ మీద పలచగా పరిచి, గది వేడిలోనే ఆరనివ్వండి. తొందరపడి ఫ్రిజ్‌లో పెట్టవద్దు. చల్లటి పళ్ళెం బయటికి తీయగానే గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. ఇక్కడ మా ఊళ్ళో చలికాలం గరాజే ఒక పెద్ద ఫ్రిజ్ కాబట్టి చాలామంది అక్కడ పెడతారు. పెట్టినా, లోపలికి తెచ్చే ముందే మూత బిగించి, గది వేడికి వచ్చాకే మూత తీయాలి.

జీడిపప్పు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డబ్బాలో దొరికే ఉప్పు జీడిపప్పు కన్నా ఇంట్లో వేయించుకున్నది ఎన్నో రెట్లు బాగుంటుంది. చెంచాడు నెయ్యిలో సన్నటి సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా వేయించి, దించిన వెంటనే, ఇంకా నెయ్యి మెరుస్తూ ఉండగానే, మిక్సీలో మెత్తగా తిప్పిన ఉప్పు, మిరియాల పొడి చల్లండి. ఉప్పు గరుగ్గా ఉంటే గిన్నె అడుగుకు జారిపోతుంది, మెత్తటిదైతే అంటుకుంటుంది. నెయ్యిలో నీళ్ళు ఉండవు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు, వెన్నలో ఉంటాయి. పూర్తిగా చల్లారాకే మిగతావాటితో కలపాలి.

మన రుచి కలపవచ్చా అని అడిగారు. తప్పకుండా కలపండి, ఒకే షరతు: పొడిగా ఉండాలి. 340 గ్రాముల చాక్లెట్‌కు అర టీస్పూను ఏలకుల పొడి వేస్తే వైట్ చాక్లెట్‌లోని పాల రుచి పాలకోవా వైపు తిరుగుతుంది. కొద్దిగా జాజికాయ కూడా బాగుంటుంది. కుంకుమపువ్వును మాత్రం అలవాటు ప్రకారం పాలలో నానబెట్టి పోయకండి, చక్కెరతో కలిపి పొడిగా నూరి వేయండి. బెల్లం వద్దు, అది గాలిలో తేమను లాక్కుని రెండో రోజుకే చెమ్మగిల్లుతుంది. ఎండు క్రాన్‌బెర్రీలు, కిస్‌మిస్ వేయాలనుకుంటే వడ్డించే రోజు ఉదయం వేయండి. ముందే వేస్తే వాటి తేమంతా ప్రెట్జెల్స్ తాగేస్తాయి.

గాలి చొరని డబ్బాలో వారం రోజులు ఢోకా లేదు. నాకైతే రెండో రోజుకు ఏలకుల వాసన బాగా పట్టి ఇంకా బాగుంటుంది.

*

జెర్సీ_నాన్న రాశారు:

పైన చెప్పిన విధానం చాలా బాగుంది. నేను అలర్జీల గురించి మాత్రం రాస్తాను. మా అబ్బాయికి వేరుశెనగ పడదు, అందువల్ల మా ఇంట్లో ప్రతి పొట్లమూ వెనక్కి తిప్పి చదువుతాం.

డాలస్ గారూ, వేరుశెనగ పడని ఆయన కోసం వేరే డబ్బా కట్టకండి, మొత్తం మిక్చర్‌లోనే వేరుశెనగ లేకుండా చేయండి. పాట్‌లక్ బల్ల మీద ఒకే చెంచా అన్ని గిన్నెల్లోకీ తిరుగుతుంది. వేరుశెనగ పడనివాళ్ళలో కొందరికి జీడిపప్పు, బాదం కూడా పడవు. పుట్నాలు అంటే శనగలే, అవీ వేరుశెనగలాగే కాయధాన్యాలు కాబట్టి వాటి గురించి కూడా ఆయన్నే అడగండి, ఊహించుకోవద్దు. చాక్లెట్ గోళీలు, చిప్స్ పొట్లాల మీద 'వేరుశెనగ ఉండవచ్చు' అన్న హెచ్చరిక ఉందేమో చూడండి. అది రాయాలన్న నిర్బంధం చట్టంలో లేదు, కాబట్టి రాయకపోయినంత మాత్రాన భద్రమని కూడా కాదు. మన దుకాణాల్లో విడిగా పొట్లం కట్టి అమ్మే పుట్నాలు, జీడిపప్పు ఆయన తినేదాంట్లో వేయకపోవడమే మంచిది, ఏ డబ్బాల మధ్య నుంచి వచ్చాయో తెలియదు.

నువ్వులు చల్లాలనుకుంటే ఇంకో మాట. 2023 జనవరి 1 నుంచి ఇక్కడ నువ్వులు కూడా పొట్లం మీద తప్పనిసరిగా చెప్పాల్సిన తొమ్మిదో అలర్జీ పదార్థం. మనకు అలవాటైన గింజ కాబట్టి ఆలోచన రాదు గానీ, పడనివాళ్ళు ఉన్నారు.

గోధుమ తినని ఆవిడకు బియ్యపు చెక్స్, మొక్కజొన్న చెక్స్ పనికివస్తాయి, గోధుమ చెక్స్ పనికిరాదు. ప్రెట్జెల్స్ గోధుమవే. గోధుమ లేనివి వేరుగా అమ్ముతారు, పొట్లం మీద గ్లూటెన్ ఫ్రీ (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లేనిది) అని ఉండాలి. ఆవిడ కోసం ముందుగానే, ప్రెట్జెల్స్ ముట్టుకోకముందే, ఒక సీసా నింపి పేరు రాసి మూత పెట్టండి. నేనైతే మూత మీద అన్ని పదార్థాలూ రాసి అతికిస్తాను. అడగడానికి మొహమాటపడేవాళ్ళు చదువుకుంటారు.

శాకాహారుల కోసం: మార్ష్‌మాలోలు (దూదిలాంటి మెత్తటి మిఠాయిలు) వేయవద్దు, మామూలుగా దొరికేవాటిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. క్యాండీ కార్న్ అనే మొక్కజొన్న గింజ ఆకారపు మిఠాయిలో కూడా తరచుగా ఉంటుంది. మెరిసే మిఠాయిల మీద 'కన్ఫెక్షనర్స్ గ్లేజ్' అని కనిపిస్తే అది లక్క పురుగు నుంచి వచ్చే లక్క. కొందరు దాన్ని పట్టించుకోరు, కొందరికి పట్టింపు ఉంటుంది.

*

గల్ఫ్_తీరం (హ్యూస్టన్) రాశారు:

చలిసీమ అక్కా, మీరు రాసినవన్నీ ఒప్పుకుంటాను గానీ సగానికే పూత అన్న మాట దగ్గర మాత్రం నాకు భిన్నాభిప్రాయం ఉంది. మీ ఊళ్ళో చలికాలం ఇంటి గాలి పొడిగా ఉంటుంది. మా హ్యూస్టన్‌లో డిసెంబరులో కూడా ఒక్కోరోజు కాకినాడలో ఉన్నట్టే చెమ్మ. పూత లేని ప్రెట్జెల్స్ గిన్నెలో పోసి పెడితే, పార్టీ పూర్తయ్యేలోపే కరకర పోయి సాగుతాయి. చాక్లెట్ కొవ్వు తేమను లోపలికి రానివ్వదు, కాబట్టి పూత వేసిన చెక్స్ గంటల తరబడి కరకరలాడుతుంది. మా వైపు ఉండేవాళ్ళకు అన్నిటికీ పూత వేయడమే మంచిదని నా నమ్మకం. ఉప్పు కోసం పూత ఇంకా ఆరకముందే పైన సముద్రపు ఉప్పు రేకులు చల్లుతాను. అప్పుడు ఉప్పు పైనే ఉంటుంది, నాలుకకు నేరుగానే తగులుతుంది.

ఇంకోటి, వైట్ చాక్లెట్ కాకుండా మామూలు చాక్లెట్‌తో చేసే మడ్డీ బడ్డీస్ గురించి ఎవరూ రాయలేదు. అదీ ఓవెన్ లేనిదే. చెక్స్ 9 కప్పులు, చాక్లెట్ చిప్స్ 1 కప్పు, వేరుశెనగ ముద్ద అర కప్పు, వెన్న పావు కప్పు, వెనిలా 1 టీస్పూను. కరిగించి పట్టించి, ఒకటిన్నర కప్పుల పొడి చక్కెరలో పొర్లించడమే. వేరుశెనగ ఉంది కాబట్టి మీ ఆఫీసుకు కుదరదు గానీ, ఇంట్లో పిల్లలకు చేసి పెట్టండి. ఇంట్లో కుక్క ఉంటే అందకుండా దాచండి, చాక్లెట్ కుక్కలకు విషం.

*

చలిసీమ_వంటిల్లు రాశారు:

హ్యూస్టన్ తమ్ముడూ, తేమ గురించి నువ్వు చెప్పింది నిజం. పూత చెమ్మను ఆపుతుంది, అది నేను రాయాల్సిన విషయమే. ఉప్పు రేకుల ఉపాయం కూడా బాగుంది. తడి పూత మీద పడ్డ రేకు అక్కడే అతుక్కుంటుంది.

అయినా నా మాట మీద నేనుంటాను. పైన చల్లిన ఉప్పు చాక్లెట్‌కు రుచి తెస్తుంది, కానీ నోటికి విశ్రాంతినివ్వదు. అసలు తీపే లేని పలుకు ఒకటి మధ్యలో తగిలితేనే తరువాతి పలుకు తియ్యగా అనిపిస్తుంది. మీ ఊరి గాలికి నేను చెప్పే మార్గం ఇది: రెండు భాగాలనూ వేరు వేరు డబ్బాల్లో తీసుకెళ్ళు. వడ్డించే చోట చిన్న గిన్నెలో కొంచెం కొంచెంగా కలుపుతూ, అయిపోయినప్పుడల్లా నింపు. అలా చేస్తే ఏ ప్రెట్జెలూ అరగంటకు మించి గాలికి ఉండదు. పెద్ద గిన్నె నిండుగా అందంగానే కనిపిస్తుంది, కానీ తేమ ఊళ్ళో దానివల్ల నష్టమే ఎక్కువ.

చాక్లెట్ చిక్కగా ఉంటే పలచబరచడానికి చాలామంది కొబ్బరినూనె కలుపుతారు, దాని గురించి కూడా చెప్పేస్తాను. 340 గ్రాములకు ఒక టీస్పూను చాలు. కొబ్బరినూనె 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. ఎక్కువ పోస్తే, వెచ్చటి గదిలో పూత వేళ్ళకు అంటుకుంటుంది. రంగు వేయాలనుకుంటే నీళ్ళలాంటి చుక్కల రంగు వద్దు, నూనెలో కలిసే చాక్లెట్ రంగు వేరుగా దొరుకుతుంది.

*

డాలస్_పోపులపెట్టె రాశారు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. జెర్సీ అన్నయ్య గారూ, ఆయన్ని అడిగాను. జీడిపప్పు, శనగలు తింటారట, వేరుశెనగ ఒక్కటే పడదు. అందుకని మీరు చెప్పినట్టు హెచ్చరిక చదివి, మూసిన పొట్లాల్లో వచ్చేవే కొంటాను. పుట్నాలు అలా దొరక్కపోతే వాటి బదులు ఇంకో కప్పు చెక్స్ వేస్తాను. సగం పూత, ఏలకుల పొడి, నెయ్యిలో వేయించిన మిరియాల జీడిపప్పు ఖాయం చేశాను. బుధవారం పాట్‌లక్ కాబట్టి సోమవారం రాత్రి చేస్తాను.

చలిసీమ అక్కా, ఒకే ఒక్క సందేహం. ఎంత జాగ్రత్తపడినా చాక్లెట్ గట్టిపడిపోతే ఆ గిన్నెడూ పారేయాల్సిందేనా?

*

చలిసీమ_వంటిల్లు రాశారు:

పారేయవద్దమ్మా. పూతకు అది పనికిరాదు, ఆ ప్రయత్నం మానేసి ఇంకో పొట్లం విప్పు. అందుకని బార్క్ ఒక పొట్లం ఎక్కువ కొనిపెట్టుకో, మిగిలితే సంక్రాంతి దాకా నిలవ ఉంటుంది. గట్టిపడిన దాంట్లో వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే మళ్ళీ జారుగా అవుతుంది. నాలుగు చుక్కలకు బిరుసెక్కే చాక్లెట్ నాలుగు చెంచాలకు మెత్తబడుతుంది, అప్పటికి రేణువులన్నీ తడిసి విడిపోతాయి. ఏలకులు వేసే ఉంటుంది కాబట్టి అలాగే వేడి పాలలో కలిపి పిల్లలకు ఇవ్వు.

సోమవారం రాత్రి పూత భాగం మాత్రం చెయ్యి. జీడిపప్పు మంగళవారం వేయించు. ప్రెట్జెల్స్ పొట్లం బుధవారం ఆఫీసులోనే విప్పు. గోధుమ తినని ఆవిడ సీసా మాత్రం ఇంటి దగ్గరే నింపి మూత బిగించు.